వాసన పుస్తకం

పాలు విరగబోతున్నాయని గిన్నె పొయ్యి మీద పెట్టకముందే చెప్పగల ముక్కు ఆమెది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు దాన్ని పొగరనుకుంది. "నిన్న సాయంత్రం పాలే కదా, నేనే మూత పెట్టాను, నువ్వొచ్చి విరిగాయంటావేమిటి?" అని పంతానికి కాచింది. గిన్నెలో పాలు ముక్కలు ముక్కలుగా తేలాయి. ఆ రోజు నుంచి వంటింట్లో ఏది ఉంచాలో, ఏది పారబొయ్యాలో తేల్చే పెత్తనం కోడలి చేతికొచ్చింది. ఇరుగుపొరుగు వాళ్ళు కూడా చేపలు తెచ్చుకున్నా, పాత నూనె డబ్బా విప్పినా ఓసారి ఆమె చేత వాసన చూపించుకుని పోయేవారు. వీధిలో చిన్నవాళ్ళకి ఆమె ముక్కు పిన్ని, ఈడువాళ్ళకి ముక్కు వదిన. ఆమె భర్తకి బజారులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. "మా ఆవిడ డిగ్రీ బీరువాలో పడుకుంది గానీ, ముక్కు మాత్రం రోజూ డ్యూటీకి వెళ్తూనే ఉంది" అనేవాడు వచ్చినవాళ్ళతో.

అందుకే సంఘం తరఫున పుస్తకం ఎవరు రాయాలన్న మాట వచ్చినప్పుడు రెండో పేరు లేవలేదు.

ఊరికి తూర్పున పాడి కంపెనీ ఒకటి పదేళ్ళుగా ఉంది. మూడు వేల ఆవులు. ఆ మూడు వేలని తొమ్మిది వేలు చేస్తామనీ, అందుకు కొత్త షెడ్లూ, పేడనీళ్ళు నిలవ చెయ్యడానికి రెండో చెరువూ కావాలనీ కంపెనీ అర్జీ పెట్టుకుంది. ఈమధ్యే తవ్విన మొదటి చెరువు ఊరికి మైలు దూరం, కంపు దానితోనే మొదలైంది. రెండోది సరిగ్గా ఆమె పెరటిగోడకి నాలుగు వందల గజాల్లో రాబోతోంది. కంపెనీ కాగితాల్లో దాని పేరు 'ద్రవ ఎరువు నిల్వ సదుపాయం'.

"అయితే మన వెనకాల మురుక్కాలవ పేరు జలవిహారం అని పెట్టుకోవచ్చు," అంది అత్తగారు ఆ కాగితం విని.

దాన్ని అడ్డుకోవడానికి పెట్టిన సంఘం మొదటి సమావేశానికి రెండు వందల మంది వచ్చారు. కుర్చీలు చాలక గోడల మీద కూర్చున్నారు. రెండోదానికి ఎనభై. ఆరో నెలకల్లా సంఘం అంటే దర్జీ దుకాణంలో బల్ల చుట్టూ కూర్చునే నలుగురైదుగురు. మిగతావాళ్ళు మనసు మార్చుకున్నారని కాదు. ఒకరి తమ్ముడికి పాలు పితికే మిషన్ల దగ్గర పని దొరికింది, ఒకరి ఇల్లు కంపెనీ వాళ్ళు అద్దెకి తీసుకున్నారు, ఇంకొకరికి ఊరికే విసుగొచ్చింది. దర్జీ అయితే ఏదీ దాచలేదు. కంపెనీ పనివాళ్ళకి నీలం రంగు పై చొక్కాలు కుట్టే పని అతనికే వచ్చింది. ఒక మిషను మీద అవి కుడుతూ, రెండో మిషను మీద 'రెండో చెరువు వద్దు' అనే గుడ్డ బ్యానర్లు కుట్టేవాడు.

"సిగ్గనిపించదూ నీకు?" అని ఎవరైనా అంటే, "మిషన్లు వేరు కదండీ" అనేవాడు.

సంఘానికి పెద్ద లెక్కల మాస్టారు. రిటైరై తొమ్మిదేళ్ళయినా చేతిలో సుద్దముక్క ఉన్నట్టే వేళ్ళు నలుపుతూ మాట్లాడేవారు.

"కంపు కొడుతోంది, కంపు కొడుతోంది అని అరిస్తే ఎవడూ వినడు," అన్నారాయన. "ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ గాలికి, ఎంత. అది కాగితం మీద ఉండాలి. సున్నా నుంచి ఐదు దాకా అంకెలు. సున్నా అంటే ఏమీ లేదు, ఐదంటే నిలబడలేం. రోజుకి మూడుసార్లు. ఇంకో మాట. వాసన లేని రోజు సున్నా కూడా రాయాలి. సున్నా రాయని లెక్క లెక్క కాదు. వచ్చిన రోజులే రాస్తే, పనిగట్టుకుని రాశారంటారు."

ఆ మాట ఆమెకి నచ్చింది. ఆమె తత్వమే అంత. సామాన్లకి వెళ్తే చీటీలో లేనిది కొనదు, ఉన్నది మర్చిపోదు. మర్నాడే పొడుగాటి నోటు పుస్తకం ఒకటి తెచ్చి స్కేలు పెట్టి గళ్ళు గీసింది. తేదీ, వేళ, గాలి, అంకె, రిమార్కు. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి దర్జీ పసుపు రంగు నాడా ఒక మూర ఇచ్చాడు. దాన్ని పెరట్లో బట్టలారేసే కమ్మీ చివర కట్టింది. పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఆరింటికి పెరటి కిటికీ తీసి, కళ్ళు మూసుకుని మూడుసార్లు గాలి పీల్చేది. అప్పుడు అంకె రాసేది.

మొదటి నెలల్లో మూడులు, నాలుగులు. తూర్పుగాలికి ఒకటి రెండుసార్లు ఐదు. రిమార్కు గడిలో 'కళ్ళు మండాయి' అని, 'ఆరేసిన దుప్పట్లు మళ్ళీ తడపవలసి వచ్చింది' అని, 'అత్తగారు అన్నం వదిలేశారు' అని. అక్షరాలు అచ్చులా ఉండేవి. మాస్టారు వారానికోసారి చూసి చివర సంతకం పెట్టేవారు.

తొమ్మిదో నెలకి మూడులు రెండులయ్యాయి. పదకొండో నెలకి రెండులు ఒకట్లయ్యాయి. ఆ తర్వాత సున్నాలు మొదలై, వరసగా, ముత్యాలు గుచ్చినట్టు, పేజీలకి పేజీలు సున్నాలు.

దర్జీ ఆ పేజీలు చూసి తొడ చరుచుకున్నాడు. "చూశారా! మనకి భయపడి వాళ్ళు తగ్గించారు. ఏవో మందులు కలుపుతున్నారట చెరువులో. పోరాటమంటే ఇదీ!"

మాస్టారు కూడా కాదనలేదు. అదే ఊపులో పద్నాలుగు నెలల పుస్తకాలూ నకళ్ళు తీసి, కంపెనీ అర్జీ మీద జరిగే విచారణకి నెల రోజుల ముందే అధికారుల కార్యాలయంలో సంఘం తరఫున సాక్ష్యంగా దాఖలు చేశారు. తగ్గించగలిగినవాళ్ళు ఇంతకాలం ఎందుకు తగ్గించలేదని నిలదీయాలన్నది ఆయన ఎత్తు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పాలు మాడాయి. ఆమె వంటింట్లోనే ఉంది, పొయ్యికి రెండడుగుల దూరంలో ఉల్లిపాయలు తరుగుతోంది. ముందుగదిలోంచి అత్తగారు కేక పెట్టింది. "అమ్మాయ్! ఇల్లంతా పొగ! ఏం చేస్తున్నావు అక్కడ?" గిన్నె అడుగు నల్లగా అట్టకట్టింది. జలుబు చేసిందేమో అనుకుంది. నాలుగు రోజుల్లో మళ్ళీ మాడాయి.

"ఎంత గట్టి కత్తయినా వాడగా వాడగా మొద్దుబారుతుంది," అంది అత్తగారు, గిన్నె తోముతూ. ఆవిడ ఎత్తిపొడవడానికే అన్నది. కోడలు ఆ మాటని ఎత్తిపొడుపుగానే తీసుకుంది.

విచారణకి ఇంకా పది రోజులుందనగా ఆమె అక్క వచ్చింది. బస్సులో మూడు గంటల ప్రయాణం. ఏడాదిన్నర తర్వాత రావడం. చెల్లెలు గుమ్మంలో ఎదురెళ్ళి సంచీ అందుకోబోతే, అక్క సంచీ ఇవ్వలేదు. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే గుమ్మం అవతలే నిలబడిపోయింది.

"ఏమిటే ఇది? ఎవరైనా చచ్చారా మీ వీధిలో?"

"ఏమైంది?"

"ఏమైందంటావేమే! ఈ కంపులో ఎలా ఉంటున్నారే మీరు?"

చెల్లెలు నవ్వబోయింది. అక్క మొదటినుంచీ గోరంతని కొండంత చేసే మనిషే. కానీ అక్క నిజంగానే పక్కకి తిరిగి, కాలవగట్టున వంగి వాంతి చేసుకుంది.

ఆమె సంచీ లోపల పెట్టి, నీళ్ళిచ్చి, పెరట్లోకి వెళ్ళింది. నాడా పడమటికి ఎగురుతోంది. అంటే తూర్పుగాలి. కళ్ళు మూసుకుని మూడుసార్లు పీల్చింది. ఆరేసిన బట్టల సబ్బు వాసన లీలగా తెలిసింది. ఇంకేం లేదు. వంటింట్లోకి వచ్చి పుస్తకం తెరిచి చూసింది. ఆ పూట ఒంటిగంటకి తనే రాసింది. గాలి తూర్పు. అంకె సున్నా.

కుర్చీలో కూర్చుంది. చదువుకున్న మనిషి. ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. వాసన తగ్గలేదు. ముక్కు తగ్గింది.

ఆ సాయంత్రం దర్జీ దుకాణంలో ఆమె సంగతంతా చెప్పింది. నీలం చొక్కాల కట్టలు పక్కకి జరిపి కూర్చున్నారు. అక్క రుమాలు తియ్యకుండానే దుకాణం బయట నిలబడింది. దర్జీ ఆవిడ్ని వింత జంతువుని చూసినట్టు చూశాడు. తర్వాత తనూ గాలి పీల్చి చూసుకున్నాడు. మాస్టారు కూడా పీల్చారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మాకూ ఏం తెలీట్లేదు వదినా," అన్నాడు దర్జీ, నెమ్మదిగా.

"ఊరంతటికీ తెలీదు," అందామె. "ఊళ్ళో ఒక్కళ్ళకి కూడా తెలీదు. ఆ పుస్తకం చివరి అయిదు నెలలూ తప్పు."

మాస్టారు వేళ్ళు నలుపుకోవడం ఆపేశారు. "దాఖలు చేసేశాం కదమ్మా."

"వెనక్కి తీసుకుందాం."

"తీసుకోనివ్వరు. తీసుకుంటే ఏమంటారో తెలుసా? కంపెనీకి అనుకూలంగా ఉందని లాక్కుంటున్నారంటారు."

"పోనీ ఈ అక్కగారి చేత చెప్పిద్దాం," అన్నాడు దర్జీ. "ఒక్కసారి ఆవిడ వాళ్ళ ముందు నిలబడితే చాలు. ఆ కళ్ళు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది."

మాస్టారు విచారణ నోటీసు తీసి, అద్దాలు సర్దుకుని చదివారు. కంపెనీకి మూడు మైళ్ళ లోపల నివాసం ఉంటున్నవాళ్ళే మాట్లాడాలి. నివాసమున్నట్టు కాగితం చూపించాలి.

"అంటే," అంది గుమ్మం బయటనుంచి అక్క, "వాసన తెలిసినవాళ్ళు మాట్లాడకూడదు. మాట్లాడొచ్చు అన్నవాళ్ళకి వాసన తెలీదు. బాగుంది సంబడం."

మాస్టారు నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇంటికొచ్చాక భర్త అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మా దుకాణానికి కొందరొస్తారు," అన్నాడు. "పదేళ్ళుగా తప్పు నంబరు జోడు వాడుతుంటారు. అదే బాగుందంటారు. వాళ్ళని వెంటనే పరీక్ష చెయ్యం. జోడు తీసేసి కాసేపు బయట కూర్చోండి, కళ్ళకి కొంచెం విశ్రాంతి ఇచ్చి రండి అంటాం."

"అయితే నేనెక్కడ కూర్చోను?"

"మీ అక్కతో వెళ్ళు. విచారణ రోజు పొద్దున్న బస్సులో రా. దిగినదానివి దిగినట్టే హాల్లోకి వెళ్ళి చెప్పు."

"ఇంట్లో?"

"మా అమ్మా, నేనూ మాడిన పాలే తాగుతాం. కొత్తేముంది?" అన్నాడు. వంటింట్లోంచి "విన్నానురా" అంది అత్తగారు.

అలా అక్క వెంట వెళ్ళింది. వారం రోజులు. మొదటి రెండు రోజులు ఏమీ తేడా లేదు. మూడో రోజు పొద్దున్న లేచేసరికి అక్క ఇంటి తలుపులకి వేసిన కొత్త రంగు వాసన తగిలింది. రంగు వేసి నెలయిందన్నారు. నాలుగో రోజు పక్కింట్లో ఎవరో నిమ్మకాయ కోస్తే తెలిసింది. ఐదో రోజు బావగారి జేబులో ఉన్న పాత నాణేల వాసన చెప్పి ఆయన్ని భయపెట్టింది. పోయిన మనిషి ఇంటికొచ్చినట్టు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది. నిజానికి కొన్ని నెలలుగా తిండి ఎందుకు సయించడం లేదో అప్పుడుగాని తెలియలేదు.

విచారణ రోజు తెల్లవారగానే బస్సెక్కింది. అక్క తన సబ్బుతో ఉతికిన చీర ఒకటి కట్టించి పంపింది. "ముక్కు మొరాయిస్తే ఈ కొంగు వాసన చూడు, మళ్ళీ కుదురుకుంటుంది," అంది. ఊరికి నాలుగు మైళ్ళ ఇవతల, బస్సు మలుపు తిరగగానే, అది వచ్చింది.

మొదట పుల్లగా. దాని వెనకాల చెమర్చిన గోనెసంచీ లాంటిది ఏదో. ఆ వెనక గొంతులో సూది గుచ్చినట్టు ఘాటు. పైకి తేలినదాన్ని తొలగించే కొద్దీ అడుగున ఇంకోటి. కళ్ళు మండి నీళ్ళు కారాయి. ఇందులో పద్నాలుగు నెలలు కూర్చుని గళ్ళు గీసుకున్నాను అనుకుంది. ఇందులో అన్నం పెట్టాను, ఇందులో పాలు కాచాను అని కూడా అనుకుంది. పక్కసీటు ఆయన నిశ్చింతగా వేరుశనగలు వొలుచుకుని తింటున్నాడు. ఆ ఊరివాడే.

పది గంటలకి పురపాలక హాలు ముందు దిగేసరికి ఐదు. అణుమాత్రం సందేహం లేని ఐదు. గుమ్మంలో గుమాస్తా ఆమె ఇంటిపన్ను రసీదు చూసి, చీటీ ఇచ్చాడు. ముప్పై ఒకటి.

లోపల ప్లాస్టిక్ కుర్చీలు, మూడు ఫ్యాన్లు, వేదిక మీద బల్ల. బల్ల వెనక అధికారి. నెమ్మదైన మనిషి, ఎవరు లేచి మాట్లాడినా పెన్ను పట్టుకుని శ్రద్ధగా వింటున్నాడు. పక్కన కంపెనీ తరఫు వకీలు, చిన్న వయసు అమ్మాయి. మొదటి నంబరు పెద్దాయన తన ఇంటి ముందు కాలవ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. కాలవకీ కంపెనీకీ సంబంధం లేదని అధికారి రెండుసార్లు గుర్తు చేశాడు. బడి పెద్ద పంతులమ్మగారు పిల్లలకి కంపెనీ ఉచితంగా పోస్తున్న పాల గురించి చెప్పింది. నీలం చొక్కాలవాళ్ళు వరసగా ఏడుగురు లేచి, ఒకే మాట ఏడు రకాలుగా చెప్పారు. ఆ పని పోతే వాళ్ళకి ఇంకోటి లేదన్నది అబద్ధం కాదు. ఆమెకి వాళ్ళ మీద కోపం రాలేదు. వాళ్ళలో ఒకడు ఆమె ఇంటి పక్కవాడే, వాళ్ళమ్మ చేపలు ఆమే వాసన చూసి పెట్టేది.

పదిన్నరకి నాలుగు.

ఆమె కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని అక్క సబ్బు వాసన పీల్చింది. మళ్ళీ హాలు గాలి పీల్చింది. నాలుగుంబావు అనుకోవచ్చు. పదకొండుకి మూడు. పుల్లదనం పోయింది, ఘాటు మాత్రం మిగిలింది. నంబరు పన్నెండు నడుస్తోంది. ఆమె లేచి గుమాస్తా దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, నన్ను కొంచెం ముందు పిలవగలరా?"

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. ఇప్పుడు నాకు వాసన తెలుస్తోంది. ఇంకాసేపు కూర్చుంటే తెలీదు."

గుమాస్తా ఆమె మొహంలోకి చూశాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అర్థంకాక. "ఏం వాసనమ్మా?" అన్నాడు.

తన కుర్చీకి తిరిగొచ్చింది. ముందు వరసలోంచి మాస్టారు వెనక్కి తిరిగి కళ్ళతోనే అడిగారు. ఆమె మూడు వేళ్ళు చూపించింది. కాసేపటికి మళ్ళీ తిరిగారు. రెండు వేళ్ళు. ఆయన తన పద్నాలుగో నంబరు ఆమెకి ఇస్తానని లేచి అడిగారు. చీటీలు మార్చుకోవడానికి వీల్లేదన్నారు. దర్జీ తన వంతు వచ్చినప్పుడు 'నాకు మాట్లాడేది లేదు' అని ఒక నంబరు కలిసొచ్చేలా కూర్చుండిపోయాడు. నెల్లాళ్ళు అద్దం ముందు తయారు చేసుకున్న ఉపన్యాసం అతనిది. అతను చేసిన త్యాగాలన్నిట్లోకీ అదే పెద్దది.

పన్నెండుకి ఒకటి. ఆమె ఊపిరి పొదుపుగా తీసుకోవడం మొదలుపెట్టింది. రుమాలు అడ్డం పెట్టుకుంది. అడుగంటిన కుండలో నీళ్ళు చూసుకున్నట్టు అప్పుడప్పుడు రుమాలు తీసి చూసుకునేది. ఉందా? ఉంది. ఉందా? ఉన్నట్టే ఉంది. కొంగులో సబ్బు వాసన కూడా పోయింది.

ఒంటిగంట దాటాక ముప్పై ఒకటి పిలిచారు.

వకీలు అమ్మాయి లేచి నమస్కారం పెట్టింది. చేతిలో పెద్ద అట్ట. ఆమె పుస్తకంలో అంకెలన్నీ తీసి గీసిన గీత ఒకటి దాని మీద ఉంది. పైనుంచి మొదలై, మెట్లు దిగినట్టు దిగి, చివర నేలకి ఆనుకుని పోయింది.

"అమ్మా, ఈ పుస్తకం మీరే రాశారు కదా?"

"నేనే."

"ఇంత శ్రద్ధగా రాసిన రికార్డు నేనెక్కడా చూడలేదమ్మా. ఒక్క పూట కూడా తప్పలేదు. ఇందులో అబద్ధం ఏమైనా ఉందా?"

"అబద్ధం లేదు. తప్పుంది." ఆమె అధికారి వైపు తిరిగింది. అలవాటుపడ్డ ముక్కు గురించి, అక్క రావడం గురించి, వారం రోజులు ఊరొదిలి ఉండటం గురించి, పొద్దున్న బస్సు మలుపు దగ్గర తెలిసినదాని గురించి, తడబడకుండా, వరసగా చెప్పింది. హాల్లో కొందరు నవ్వారు. అధికారి నవ్వలేదు. ఆమె చెప్పిందంతా రాసుకున్నాడు.

"మీరు చెప్పేది నాకు అర్థమైందమ్మా," అన్నాడు. "నిజం చెప్పాలంటే నాక్కూడా నిన్న సాయంత్రం కారు దిగినప్పుడు కొంచెం ఏదో అనిపించింది. కంపెనీ అతిథి గృహంలో దిగాను. పొద్దున్నకి ఏమీ లేదు. అందుకే అడుగుతున్నాను. ఇప్పుడు, ఈ హాల్లో, మీకు వస్తోందా?"

దర్జీ కుర్చీ అంచుకి జరిగాడు. వెనక వరసలో ఆమె భర్త దుకాణం మూసి వచ్చి నిలబడి ఉన్నాడు. కావలసింది ఒక్క మాట. ఆ మాట నిజం కూడా. వాసన ఆ హాల్లో ఉంది, కిటికీల్లోంచి వస్తూనే ఉంది, అందరి బట్టల్లోనూ ఉంది. అది ఆమెకి తెలుసు.

ఆమె రుమాలు తీసింది. కళ్ళు మూసుకుంది. మూడుసార్లు పీల్చింది. పద్నాలుగు నెలలు ఎలా పీల్చిందో అలాగే.

"రావడం లేదండీ," అంది.

వకీలు అమ్మాయి ఇంకేమీ అడగలేదు. "థాంక్స్ అమ్మా," అని కూర్చుంది.

బయట మెట్ల మీద దర్జీ ఆపుకోలేకపోయాడు. "ఒక్క ముక్క వదినా! 'వస్తోంది' అంటే మీ సొమ్మేం పోయేది? అబద్ధం కూడా కాదే అది!"

"వస్తే అనేదాన్ని."

"ముక్కుకి లేని పట్టింపు మీకెందుకండీ?"

"ఆవిణ్ణి అనకు," అన్నారు మాస్టారు. "సున్నా కూడా రాయమన్నది నేను." ఆయన మెట్లు దిగి, గొడుగు వేసుకోకుండానే ఎండలో నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత సంఘం మళ్ళీ కూడలేదు. రద్దు చేశామని కూడా ఎవరూ అనలేదు. దర్జీ రెండో మిషను మీద కూడా నీలం చొక్కాలే కుడుతున్నాడు.

రెండు నెలలకి అనుమతి వచ్చింది. పన్నెండు షరతులతో. ఏడో షరతు ప్రకారం చెరువుకి దగ్గరలో నివాసముండే ఒక వ్యక్తి రోజూ వాసన నమోదు చెయ్యాలి. 'విచారణలో సమర్పించిన రికార్డు తరహాలో' అని కూడా రాశారు. కంపెనీ మనిషి ఒకతను అట్ట బైండు పుస్తకం తెచ్చి ఆమె ఇంట్లో బల్ల మీద పెట్టాడు. లోపల గళ్ళు అచ్చు వేసి ఉన్నాయి. తేదీ, వేళ, గాలి, అంకె, రిమార్కు. ఆమె గీసిన గళ్ళే.

"దొంగ చేతికే తాళాలిచ్చారన్నమాట," అంది అత్తగారు.

"దొంగెవరు, నేనా?"

"ఏమో. ఎవరో ఒకరు."

ఆమె వద్దనే అనుకుంది. మాస్టారింటికి వెళ్ళి అడిగింది. ఆయన అరుగు మీద పేపరు మొహానికి కప్పుకుని పడుకుని, పేపరు కిందనుంచే అన్నారు. "నువ్వు రాయకపోతే వాళ్ళ మనిషే రాస్తాడమ్మా. వాడూ సున్నాయే రాస్తాడు. కిటికీ అయినా తియ్యడు."

అందుకని రాస్తోంది. పెరటిగోడ అవతల యంత్రాలు రోజంతా మట్టి తవ్వుతున్నాయి. గొయ్యి అంచు ఇప్పుడు వంటింటి కిటికీలోంచే కనబడుతుంది. పసుపు నాడా వెలిసి తెల్లబడింది. పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఆరింటికి కిటికీ తీసి మూడుసార్లు పీల్చి, సున్నా రాస్తుంది. రిమార్కు గడిలో ప్రతిసారీ ఒకే వాక్యం. 'రాసిన ముక్కు అలవాటు పడినది.'

నెలాఖరున పుస్తకం చూసుకోవడానికి వచ్చిన కంపెనీ మనిషి పేజీలు తిప్పుతూ ఆగాడు. మర్యాదస్తుడే.

"ఇదెందుకమ్మా, రోజుకి మూడుసార్లు చెయ్యి నొప్పి? మా కంప్యూటర్లో ఈ గడి లేదు. అంకె ఒక్కటే ఎక్కిస్తాం."

"తెలుసు బాబూ," అంది. "ఉండనీ."

అతను వెళ్ళాక వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. ఇప్పుడు పాలు కాచినంతసేపూ కూర్చునే ఉంటుంది, కళ్ళతో చూస్తూ.